మంచి రోజుకు అమెరికా సరే, చెడ్డ రోజుకు?

ప్రశ్న: మేం టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో ఉంటున్నాం. మా వారు ఎనిమిదేళ్లుగా హెచ్‌1బి ఉద్యోగ వీసా మీద పనిచేస్తున్నారు. గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 పిటిషన్ ఆమోదమైంది, క్యూలో మా చోటు చెప్పే ప్రయారిటీ డేట్ 2019. నాకు హెచ్‌4 వీసా మీద పనిచేసుకునే అనుమతి (ఈఏడీ) ఉంది, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో కాంట్రాక్టు ఉద్యోగం చేస్తున్నాను. పాపకు ఆరేళ్లు, ఇక్కడే పుట్టింది, మే నెలతో కిండర్‌గార్టెన్ అయిపోతుంది. కిందటేడాది మా వారి టీమ్‌లో సగం మందిని తీసేశారు. అప్పట్నుంచి ఇద్దరికీ సరిగ్గా నిద్ర లేదు. ఇప్పుడు ఆయనకు మ్యూనిక్‌లో ఉద్యోగం వచ్చింది. ఇక్కడి జీతం 1,45,000 డాలర్లు, అక్కడ 88,000 యూరోలు ఇస్తామంటున్నారు. మామయ్యగారేమో ‘అమెరికా వదిలేసి ఇంకెక్కడికో పోతే తెనాలిలో నలుగురికీ ఏం చెప్పుకోను’ అంటున్నారు. సిడ్నీలో ఉన్న మా తమ్ముడు ఆస్ట్రేలియా వచ్చేయమంటాడు. టొరంటోలో ఉన్న నా స్నేహితురాలు ఉన్నచోటే ఉండమంటుంది. అసలు ఏ దేశంలో బతుకు బాగుంటుంది? ఇది తేలక రెండో బిడ్డ సంగతి కూడా వాయిదా వేస్తున్నాం.
– పేరు వద్దన్న పాఠకురాలు

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అందులో మీ వారి జీతం ఉంది, పాప చదువుంది, మామయ్యగారి మాట, తమ్ముడి మాట, స్నేహితురాలి మాట ఉన్నాయి. మీకేం కావాలో మాత్రం ఎక్కడా కనపడలేదు. ఆ సంగతి తర్వాత అడుగుతాను. ముందు మీరడిగినదానికి వస్తాను.

ఏ దేశం మేలు అంటే వరస చెప్పే జాబితాలు చాలానే ఉన్నాయి. 2025లో ఐక్యరాజ్యసమితి ఇచ్చిన మానవాభివృద్ధి సూచికలో జర్మనీది 5వ స్థానం, అమెరికాది 17. అదే ఏడాది ప్రపంచ సంతోష నివేదికలో ఫిన్లాండ్ మొదట ఉంటే అమెరికా 24వ చోట ఉంది. 2023లో అమెరికా సగటు ఆయుర్దాయం 78.4 ఏళ్లు, జర్మనీలో 81, జపాన్‌లో 84. వైద్యానికి అమెరికా తన జీడీపీలో 17 శాతం పైనే పోస్తుంది, జర్మనీకి 12 శాతం చుట్టుపక్కల సరిపోతోంది. అంత డబ్బు పోసీ మూడేళ్లు తక్కువ బతుకుతున్నారంటే ఎక్కడో తేడా ఉన్నట్టే.

కానీ ఈ సగటులు పట్టుకుని మీరు నిర్ణయానికి రావద్దు. అమెరికా ఆయుర్దాయాన్ని కిందికి లాగుతున్నవాళ్లలో మత్తుమందులకు బలైనవాళ్లున్నారు, తుపాకులకు, రోడ్లకు బలైనవాళ్లున్నారు, బీమా లేక జబ్బు ముదిరేదాకా డాక్టరు దగ్గరకు పోనివాళ్లున్నారు. ఇంచుమించు రెండున్నర కోట్ల మందికి ఇప్పటికీ బీమా లేదక్కడ. కంపెనీ ఇన్సూరెన్సు, మంచి బడి, సొంత కారు ఉన్న సాఫ్ట్‌వేర్ కుటుంబం బతికే అమెరికా వేరు. ఆ అమెరికా నాకు తెలుసు. ఒహాయోలోని కొలంబస్‌లో తొమ్మిదేళ్లు కాపురం చేశాను. తర్వాత మా వారి ఉద్యోగం మారి జర్మనీలో స్టుట్‌గార్ట్‌లో ఏడేళ్లున్నాను. రెండు చోట్లా పిల్లల్ని పెంచాను, జబ్బు పడ్డాను, ఇల్లు సర్దాను. నాకు అర్థమైన తేడా ఒక్కటే. అమెరికాలో మామూలు రోజు చాలా బాగుంటుంది, చెడ్డ రోజు వస్తే దాని బరువంతా మన నెత్తినే పడుతుంది. జర్మనీలో మామూలు రోజు కాస్త ఇరుకుగా ఉంటుంది, చెడ్డ రోజున మాత్రం పక్కన ఇంకొకరు భుజం పడతారు.

ఇర్వింగ్‌లో మీ మామూలు రోజును నేను తక్కువ చేయను. ఇంటి వెనక పచ్చగడ్డి, గరాజ్‌లో రెండు కార్లు, పది నిమిషాల దూరంలో గోంగూర, దొండకాయలు దొరికే స్టోరు. ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమాన్ గుడి. వారాంతం పాట్‌లక్‌లో పది కుటుంబాలు, ఇరవైమంది పిల్లలు, అందరి మాటా తెలుగే. మీ ఊళ్లోనే గాంధీగారి విగ్రహం దగ్గర పంద్రాగస్టుకు జెండా ఎగరేసుకుంటారు. కొత్తగా వచ్చిన పిల్ల ఏదడిగినా ‘ఎక్కడినుంచి వచ్చావు’ అనకుండా పని నేర్పే సహోద్యోగులుంటారు. నేను కొలంబస్ వదిలేటప్పుడు పక్కింటి అమెరికన్ ముసలాయన మా అట్టపెట్టెలన్నీ తనే ట్రక్కులోకి ఎక్కించాడు. ఆ ఆదరణ స్టుట్‌గార్ట్‌లో నాకు దొరకడానికి మూడేళ్లు పట్టింది. డబ్బు సంగతి సరే. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. మీకు మిగిలినంత సొమ్ము యూరప్‌లో చాలామంది ఉద్యోగులకు మిగలదు.

ఇక చెడ్డ రోజు. 2003 చలికాలం, రాత్రి రెండింటికి మా వారికి కడుపునొప్పి. మెలికలు తిరిగిపోతున్నారు. నేను అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయబోతే ఆ నొప్పిలోనే చెయ్యి పట్టుకుని ఆపారు. ‘అంబులెన్స్ వద్దే, ఎంత బిల్లేస్తారో’ అన్నారు. నాకు లైసెన్సు వచ్చి రెండు నెలలు. మంచు పడుతున్న రోడ్డు మీద, వెనక సీట్లో ఆయన మూలుగుతుంటే స్టీరింగు పట్టుకున్న చేతులు వణుకుతూ వెళ్లాను. అపెండిసైటిస్ అన్నారు. ఆపరేషన్ చక్కగా చేశారు, ఆ డాక్టర్లను, నర్సులను ఒక్క మాట అనను. ఇంటికొచ్చాక కవర్లు రావడం మొదలైంది. ఆస్పత్రి బిల్లు వేరు, సర్జన్ బిల్లు వేరు, మత్తిచ్చినాయనది వేరు, స్కాన్ చూసినాయనది వేరు. ఇన్సూరెన్సు వాళ్ల కాగితం మీద ‘ఇది బిల్లు కాదు’ అని పెద్దక్షరాలతో ఉండేది, దాని కిందే నాలుగంకెల మొత్తం ఉండేది. ఐదు నెలలు మా భోజనాల బల్ల మీద ఒక మూల ఆ కవర్లకే పోయింది. మత్తు డాక్టరు మా ఇన్సూరెన్సు కంపెనీతో ఒప్పందమున్న డాక్టర్ల జాబితాలో, అంటే నెట్‌వర్క్‌లో లేరట. బల్ల మీద పడుకోబెట్టిన మనిషి లేచి ఆ సంగతి కనుక్కోవాలా?

తర్వాత కొంత మారిందని ఒప్పుకోవాలి. 2010 నాటి చట్టంతో పాత జబ్బుందన్న సాకుతో బీమా ఇవ్వకపోవడం ఆగింది. 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన మరో చట్టంతో, మాకు జరిగిన నెట్‌వర్క్ అన్యాయం కూడా చాలావరకు ఆగింది. అయితే రోడ్డు మీద నడిచే అంబులెన్సును ఆ చట్టంలో చేర్చలేదు. అంటే ఆ రాత్రి మా ఆయన పడ్డ భయం ఈరోజు మీ ఆయన పడినా తప్పు పట్టడానికి లేదు. పైగా ఆ బీమా ఉద్యోగంతో కట్టేసి ఉంటుంది. ఉద్యోగం పోతే కోబ్రా అనే చట్టం కింద అదే బీమాను 18 నెలలు కొనసాగించుకోవచ్చు కానీ, కంపెనీ కట్టే వాటా కూడా మీరే కట్టాలి. సరిగ్గా జీతం ఆగిపోయిన నెలలో.

మీకు దానికి తోడు వీసా ఉంది. అమెరికా పౌరుడికి లేఆఫ్ అంటే డబ్బు కష్టం. హెచ్‌1బి మీద ఉన్నవాడికి 60 రోజుల గడియారం. ఆ రెండు నెలల్లో కొత్త కంపెనీ పిటిషన్ వేయకపోతే ఇల్లు, కారు, పాప బడి అన్నీ వదిలి విమానం ఎక్కాల్సి రావచ్చు. ఉద్యోగాల ద్వారా ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డులు సుమారు 1,40,000. అందులో ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్లకైనా 7 శాతం దాటకూడదని నియమం. భారత్‌కూ అంతే, ఐస్‌లాండ్‌కూ అంతే. అందుకే మనవాళ్ల క్యూ పదేళ్లకు పైగా వెనకబడి నత్తలా నడుస్తోంది. 2019 డేట్ ఉన్న మీకు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. ఎవరైనా చెప్తే నమ్మకండి. మీకు నిద్ర పట్టకపోవడం మీ పిరికితనం వల్ల కాదమ్మా. ఎనిమిదేళ్లు పన్ను కట్టినవాళ్లను రెండు నెలల గడువు మీద నిలబెట్టిన ఏర్పాటు అది.

పాప సంగతి రాయాలంటే నా చెయ్యి ఆగుతోంది. మా అక్క మనవడు ప్లేనోలో ఒకటో తరగతి చదువుతున్నాడు. నిరుడు వీడియోకాల్‌లో బడిలోకి ఎవరైనా తుపాకీతో వస్తే ఎలా దాక్కోవాలో నేర్పే డ్రిల్ గురించి వాడు నాతో అన్న మాట: ‘చిన్నమ్మమ్మా, డ్రిల్ అప్పుడు లైట్లు ఆపేస్తారు, మూల కూర్చుని నోటికి జిప్ వేసుకోవాలి. నా బూట్లలో లైట్లు వెలుగుతాయి కదా, అందుకని నేను అసలు కదలకూడదంట.’ వాడు ఆటలా చెప్పాడు. ఆ పూట నాకు అన్నం సహించలేదు. మీ పాప కూడా ఆ డ్రిల్ చేసే ఉంటుంది. మీ రాష్ట్రంలోనే యువాల్డే బడిలో 2022 మేలో జరిగిన కాల్పుల్లో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు. ఏడాది తిరక్కుండానే మీకు దగ్గర్లోని ఆలెన్ మాల్‌లో ఎనిమిదిమంది పోతే, వాళ్లలో ఒకరు ఇంజినీరుగా పనిచేస్తున్న మన తెలుగమ్మాయి. 2020 నుంచి అమెరికాలో పిల్లలు, టీనేజర్ల మరణాలకు తుపాకులే మొదటి కారణం. ఏదో ఒక బడిలో ఏదో ఒక రోజు అనే ప్రమాదం లెక్కల్లో చిన్నదే. కానీ దానికోసం ఆరేళ్ల పిల్లకు చీకట్లో ఊపిరి బిగబట్టడం నేర్పాల్సి రావడం చిన్న విషయం కాదని నా అభిప్రాయం.

స్టుట్‌గార్ట్‌లో మా వీధిలో ఆరేళ్ల పిల్లలు తమ వీపుకంటే పెద్ద బ్యాగు తగిలించుకుని, ముగ్గురు నలుగురు కలిసి, పెద్దవాళ్లెవరూ తోడు లేకుండా బడికి నడిచిపోయేవారు. మొదటి వారం కిటికీలోంచి చూస్తే నాకు గుండె దడ. రెండో నెలలో మా అబ్బాయిని కూడా వాళ్లతో పంపాను. సందు మలుపు దగ్గర వెనక్కి తిరిగి చెయ్యి ఊపేవాడు. 2023లో అమెరికా రోడ్ల మీద 40 వేల మందికి పైగా చనిపోతే జర్మనీలో చనిపోయినవాళ్లు 2,800 చిల్లర. జనాభాలో అమెరికా జర్మనీకి నాలుగింతలే. పిల్లలు నడిచి వెళ్లగల వీధులు ఊరికే రాలేదు.

అదే బడి ఆటస్థలంలో వాడు పడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. అంబులెన్స్ బడివాళ్లే పిలిచారు. నేను పరిగెత్తుకెళ్లేసరికి ఎక్స్‌రే అయిపోయింది. సన్న తీగ పెట్టి సరిచేశారు, రెండు రాత్రులు ఉంచుకున్నారు. కొలంబస్ అలవాటుతో నెల్లాళ్లపాటు రోజూ పోస్టుబాక్సు తెరిచి చూశాను. బిల్లు రాలేదు. బడిలో జరిగే ప్రమాదాలకు చట్టప్రకారం వేరే బీమా ఉంటుందని తర్వాత తెలిసింది. పెద్దవాళ్లు ఆస్పత్రిలో చేరినా మన చేతినుంచి రోజుకు 10 యూరోలు, అదీ ఏడాదికి 28 రోజుల వరకే. బీమా చందా జీతంలోనే కోస్తారు, సగం కంపెనీ కడుతుంది. ప్రభుత్వ బీమా తీసుకుంటే ఆదాయం లేని భార్యకు, పిల్లలకు అదనంగా ఏమీ కట్టక్కర్లేదు.

ఇదంతా విని జర్మనీ స్వర్గం అనుకోకండి. నాకు చర్మం మీద దద్దుర్లు వస్తే స్పెషలిస్టు అపాయింట్‌మెంటు నాలుగు నెలలకు దొరికింది. ఒకసారి నేనే ఆస్పత్రిలో ఉన్నప్పుడు, నొప్పి ఎటువైపు ఎలా ఉందో రాత్రిపూట నర్సుకు జర్మన్‌లో చెప్పలేక దిండులో మొహం పెట్టుకుని ఏడ్చాను. అద్దెకు తీసుకున్న ఇంటి తలుపు తీస్తే వంటగదిలో గోడకు రెండు పైపులు, ఒక వైరు. సింకు, స్టవ్వు, అలమారాలు పాతవాళ్లు ఊడదీసుకుపోయారు, అక్కడది మామూలే. పదకొండు రోజులు కరెంటు కుక్కర్లో అన్నం, ఆవకాయ. ఆదివారం పొద్దున గ్రైండర్ వేస్తే పైఅంతస్తు పెద్దావిడ వచ్చి తలుపు కొట్టింది. దోసెలపిండి శనివారమే రుబ్బుకోవడం అలవాటు చేసుకున్నాను. ఆదివారం కొట్లన్నీ మూతే. నవంబరులో సాయంత్రం నాలుగున్నరకు చీకటి పడితే, ఫోన్ చేసి ‘రా వదినా, టీ తాగుదాం’ అనడానికి మనిషి ఉండదు. మ్యూనిక్‌లో ఇప్పుడు తెలుగువాళ్లు బాగానే ఉన్నారు, ఉగాది, బతుకమ్మ జరుపుకుంటున్నారు. అయినా అది ఇర్వింగ్ కాదు. రాజకీయాలూ మారుతున్నాయి. వలసల్ని వ్యతిరేకించే ఏఎఫ్‌డీ పార్టీకి 2025 ఫిబ్రవరి ఎన్నికల్లో 20.8 శాతం ఓట్లొచ్చాయి. ‘మన’ అనిపించుకోవడానికి అక్కడా పోరాడాల్సిందే.

డబ్బు లెక్క మొహమాటం లేకుండా చెప్తాను. మీరు ఉద్యోగంలో చేరేదాకా, మీ వారొక్కరి 88,000లో పన్ను, బీమా, పెన్షన్ చందాలు పోగా నెలకు చేతికొచ్చేది ఐదువేల యూరోలకు లోపే ఉంటుంది. మ్యూనిక్‌లో మూడు గదుల ఇంటికి వేడినీళ్లు, హీటర్ ఖర్చు కలిపి రెండువేలు దాటుతుంది, దొరకడం కూడా గగనం. అడ్వాన్సు మూడు నెలల అద్దె. పిల్లల భృతి 2025లో నెలకు ఒక్కో బిడ్డకు 255 యూరోలు వచ్చేది. కారు అక్కర్లేదు, 2025లో దేశమంతా లోకల్ రైళ్లు, బస్సులు, ట్రాములు తిరిగే నెలసరి టికెట్ 58 యూరోలు. అన్నీ పోను నెలకు వెయ్యి మిగిలితే బాగా సర్దుకున్నట్టు. తెనాలిలో ఇంటి అప్పో, మరిది చదువో, ఆడపడుచు పెళ్లో మీ డాలర్ల మీద నడుస్తుంటే ఈ మాట పెద్దవాళ్లతో ముందే కూర్చుని చెప్పాలి. అలాంటి బాధ్యత ఇంకో మూడేళ్లు ఉందంటే, నేనైతే ఆ మూడేళ్లు టెక్సాస్‌లోనే ఉండమంటాను.

ఆ తగ్గిన జీతానికి బదులు వచ్చేది టైము. అమెరికాలో ఏడాదికి సగటు మనిషి సుమారు 1,800 గంటలు పనిచేస్తే జర్మనీలో సుమారు 1,340. జీతంతో కూడిన సెలవు ఇన్ని రోజులివ్వాలని అమెరికా చట్టం ఎక్కడా చెప్పదు. జర్మనీలో వారానికి ఐదు రోజుల ఉద్యోగికి చట్టప్రకారమే 20 రోజులు, చాలా కంపెనీలు 28 నుంచి 30 ఇస్తాయి. సెలవులో ఉన్నవాడికి ఫోన్ చేయడం అక్కడ మర్యాద కాదు. స్టుట్‌గార్ట్‌కు వచ్చిన మొదటి వేసవిలో మా వారు మూడు వారాలు వరసగా ఇంట్లో ఉన్నారు. ఆయన పిల్లలకు ఈత నేర్పడం అప్పుడే చూశాను. కొలంబస్‌లో తొమ్మిదేళ్లలో అది కుదరలేదు.

వీసా విషయంలో మీకు అసలైన తేడా ఉంది. మీ వారికి చదువుకున్న విదేశీ ఉద్యోగులకిచ్చే బ్లూకార్డ్ వస్తే, జర్మన్ భాషలో మధ్యస్థమైన బి1 స్థాయి పాసైతే 21 నెలలకు, మొదటిమెట్టు ఏ1 స్థాయితోనైతే 27 నెలలకు శాశ్వత నివాసం అడగొచ్చు. ఐదేళ్లకు పౌరసత్వానికి అర్హత వస్తుంది, తీసుకుంటే మన దేశ పౌరసత్వం పోతుంది, విదేశీ పౌరులైన మనవాళ్లకిచ్చే ఓసీఐ కార్డు తెచ్చుకోవాలి. మధ్యలో ఉద్యోగం పోయినా సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల గడువిస్తారు. ఏడాదైనా చందా కట్టి ఉంటే నిరుద్యోగ భృతి వస్తుంది, బిడ్డ ఉన్నవాళ్లకు నికర జీతంలో 67 శాతం. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మొదటి ఆరు నెలలు సాధారణంగా ప్రొబేషన్. ఆ సమయంలో రెండు వారాల నోటీసుతో తీసేయొచ్చు. ఆ ఆరు నెలలూ మీ అమెరికా పొదుపు కదల్చకండి.

రెండో బిడ్డ గురించి ఇద్దరూ తేదీలు చూసుకోవాలి. టెక్సాస్‌లో జీతంతో కూడిన ప్రసూతి సెలవు ఇవ్వాలని ప్రైవేటు కంపెనీలకు చట్టం లేదు. 1993 నాటి కేంద్ర చట్టం 12 వారాల సెలవిస్తుంది కానీ జీతం ఉండదు. పైగా కంపెనీలో 50 మంది ఉండాలి, మీరు ఏడాది పనిచేసి ఉండాలి. కాంట్రాక్టు ఉద్యోగంలో అదీ అనుమానమే. జర్మనీలో ఉద్యోగం చేస్తున్న తల్లికి కాన్పుకు ముందు ఆరు వారాలు, తర్వాత ఎనిమిది వారాలు పూర్తి జీతం. ఆ పైన పిల్లల్ని చూసుకోవడానికి తల్లిదండ్రులిద్దరికీ కలిపి 14 నెలల వరకు భృతి, నికర ఆదాయంలో సుమారు 65 శాతం, నెలకు 1,800 యూరోలు మించకుండా. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. ఆ భృతిని లెక్కగట్టేది కాన్పుకు ముందు ఏడాదిలో అక్కడ సంపాదించిన జీతాన్నిబట్టి. మీ డాలర్ల జీతం లెక్కలోకి రాదు. దిగిన ఆర్నెల్లకే కాన్పైతే మీ వంతుకు కనీస మొత్తం 300 యూరోలే రావచ్చు. ఏడాదిపాటు మీరు అక్కడ ఉద్యోగం చేశాక అయితే లెక్క మారిపోతుంది.

పాప బడి దగ్గర ఒక గడువుంది, దాన్ని మీకు ఎవరూ చెప్పి ఉండరు. బవేరియా రాష్ట్రంలో నాలుగో తరగతిలోనే పిల్లల దారులు వేరవుతాయి. జర్మన్, లెక్కలు, పరిసరాల విజ్ఞానం మూడింట్లో సగటు 2.33 లేదా అంతకంటే మెరుగ్గా వస్తేనే సాధారణంగా యూనివర్సిటీకి నేరుగా తీసుకెళ్లే గిమ్నాజియుంలో సీటు. మార్కులు మనకు తిరగేసి ఉంటాయి, 1 అంటే ఉత్తమం. తర్వాత మారే దారులున్నాయి కానీ చుట్టూ తిరిగి రావాలి. పదేళ్ల పిల్లను కొత్త భాషలో ఇలా తూచడం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. కానీ ఆరేళ్లకే వెళ్లిన పిల్లకు నాలుగేళ్లు టైముంటుంది. ఆ వయసు పిల్లలు ఏడాదిలో ఆటస్థలంలోనే భాష పట్టేస్తారు. తొమ్మిదేళ్లకు తీసుకెళ్తే మాత్రం ఆ పిల్ల మీద బరువు పెట్టినవాళ్లమవుతాం. అందుకే ‘ఇంకో మూడేళ్లు చూసి వెళ్దాం’ అనే మాట మీ విషయంలో అంత తేలిక కాదు. పైన బాధ్యతల గురించి నేను చెప్పిన మాటకు ఇది ఎదురు తగులుతుందని నాకు తెలుసు. ఆ రెంటినీ మీరే తూచుకోవాలి.

కాగితాల సంగతి కూడా చూడండి. అమెరికా సోషల్ సెక్యూరిటీ పెన్షన్‌కు పదేళ్ల చందా, అంటే 40 క్రెడిట్లు కావాలి. మీ వారికి 32 ఉంటాయి. తిన్నగా ఇండియా వచ్చేస్తే అవి అలాగే ఆగిపోతాయి, చందా కట్టిన కాలాన్ని కలుపుకునే ఒప్పందం మనకూ అమెరికాకూ లేదు. జర్మనీకి, అమెరికాకు 1979 నుంచే ఉంది. అక్కడ కట్టిన కాలాన్ని కలుపుకుని అర్హత తెచ్చుకోవచ్చు. మ్యూనిక్ వెళ్తే ఎనిమిదేళ్ల చందా గంగలో కలవదు. రిటైర్మెంట్ పొదుపు ఖాతా 401కె అలాగే ఉంచండి, తొందరపడి తీస్తే 10 శాతం జరిమానా. ఐ-140 ఆమోదపత్రం నకళ్లు దాచుకోండి, దేశం వదిలినా ప్రయారిటీ డేట్ మీదే. కానీ తిరిగి రావడం తేలికని అనుకోవద్దు. 2025 సెప్టెంబరు ప్రకటన ప్రకారం దేశం బయట ఉన్నవాళ్లకు వేసే కొత్త హెచ్‌1బి పిటిషన్లకు కంపెనీ లక్ష డాలర్లు కట్టాలన్నారు. ఏ కంపెనీ కడుతుంది? పాప పుట్టుకతో అమెరికా పౌరురాలు గనక ఆ తలుపు తనకు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. మీకు ఉండకపోవచ్చని అనుకునే బయల్దేరండి.

మీ తమ్ముడి మాటలో అబద్ధం లేదు. ఆస్ట్రేలియాలో ఇంగ్లిష్, ఎండ, నాలుగు వారాల సెలవు, 1984 నుంచి మెడికేర్ అనే ప్రభుత్వ వైద్య బీమా ఉన్నాయి. కానీ మీ వారి చేతిలో అక్కడ ఉద్యోగం లేదు. చేతిలో ఉన్న ఆఫర్‌ను లేని దానితో పోల్చకూడదు. టొరంటో స్నేహితురాలు భయపడేది ఇళ్ల ధరల గురించి, ఫ్యామిలీ డాక్టరు దొరక్కపోవడం గురించి అయి ఉంటుంది. అవి కెనడా కష్టాలు. వాటిని బట్టి మీరు మ్యూనిక్ గురించి నిర్ణయించుకోనక్కర్లేదు.

మామయ్యగారిని నొప్పించకండి. ఆయన తరానికి అమెరికా అంటే బిడ్డ గెలిచాడన్న నమ్మకం. ఆయన ముందు జర్మనీని పొగడకుండా, 60 రోజుల గడువంటే ఏమిటో మీ వారినే ఒకసారి విడమరిచి చెప్పమనండి. చాలామంది కొడుకులు ఆ ముక్క తండ్రులకు చెప్పనే చెప్పరు. ఆయన రాకపోకల గురించి ముందే తెలియాలి కూడా. అమెరికాకు విజిటర్ వీసా మీద వస్తే సాధారణంగా ఆర్నెల్లు ఉంటారు, జర్మనీలో 180 రోజుల్లో 90 రోజులే. వయసు పైబడుతున్న ఇంట్లో ఆ మూడు నెలల తేడా బాగా తెలుస్తుంది.

ఇప్పుడు మీ సంగతి. బ్లూకార్డ్ ఉన్నవాళ్ల భార్యకు దిగిన దగ్గర్నుంచీ ఏ ఉద్యోగమైనా చేసే హక్కు ఉంటుంది, ఈఏడీ రెన్యువల్ కోసం కళ్లు కాయలు కాసేలా చూసే పని లేదు. టెస్టింగ్‌లో ఇంగ్లిష్‌తో నడిచే కంపెనీలు మ్యూనిక్‌లో ఉన్నాయి. అయినా భాష రాకపోతే మీరు ఇంటికి, సూపర్‌మార్కెట్‌కు మధ్య మిగిలిపోతారు. మీ వారికి ఆఫీసుంటుంది, పాపకు బడి ఉంటుంది. ఆ నవంబరు చీకటి మీ ఒక్కరి మీద పడుతుంది. నాకు పడింది. నేను జర్మన్ క్లాసులో చేరింది రెండో ఏడు దాటాక. మొదటి నెలలోనే చేరి ఉంటే ఆ రెండేళ్లు నాకు వేరుగా ఉండేవి. ఇర్వింగ్‌లో మీకంటూ ఉన్న మనుషుల్ని వదలడం మీకు ఇష్టమేనా? మీ వారు ఎదురుగా కూర్చుని మిమ్మల్ని ఈ ప్రశ్న అడిగారా? అడక్కపోతే మీరే చెప్పండి, వద్దనిపిస్తే వద్దని.

నన్నడిగితే, ఇంటి బాధ్యతలు అడ్డు లేకపోతే, మీ మనసు ఒప్పుకుంటే, వెళ్లండి. ఈ వారమే ఇద్దరూ ఆన్‌లైన్‌లో ఏ1 క్లాసులో చేరండి. కంపెనీని జీతం ఇంకో రెండువేలు పెంచమని అడగడం కంటే, మొదటి మూడు నెలలకు సామాన్లున్న ఫ్లాట్ ఇప్పించమని, ఇల్లు వెతికే ఏజెంటు ఖర్చు భరించమని అడగండి. పాప టీకాల కాగితాలు, బర్త్ సర్టిఫికెట్ అసలువి చేత్తో తీసుకెళ్లండి. ఆగస్టు మొదటికల్లా దిగేలా చూసుకోండి, బవేరియాలో బడి సెప్టెంబరు మధ్యలో తెరుస్తారు. ఒకటో తరగతి మొదటి రోజున అక్కడ ప్రతి బిడ్డా తన అంత ఎత్తున్న రంగుకాగితం పొట్లం పట్టుకుని బడికి వెళ్తుంది, షూల్‌ట్యూటె అంటారు దాన్ని. లోపల చాక్లెట్లు, పెన్సిళ్లు, చిన్న బొమ్మ. కొట్లో దొరుకుతాయి కానీ తల్లులు ఇంట్లోనే చేస్తారు. మా అమ్మాయికి నేను చేసిన దాంట్లో అడుగున నాలుగు సున్నుండలు కూడా పెట్టాను. మీ పాపది ఏ రంగులో కావాలంటుందో ఇప్పుడే అడిగి పెట్టుకోండి.